గ్రెనడీన్స్‌లో వారం రోజులు: కెప్టెన్ ఉండాలా, అక్కర్లేదా?

నలుగురు పెద్దవాళ్లు కలిసి కరీబియన్ సముద్రంలోని గ్రెనడీన్స్ దీవులు చూడాలనుకుంటున్నామని, తెరచాప పడవను కెప్టెన్‌తో సహా అద్దెకు తీసుకోవాలా, లేక మేమే నడుపుకోవచ్చా అని మీరు అడిగారు. 2023 ఫిబ్రవరిలో మా కుటుంబం ఆ దారిలోనే వెళ్లి వచ్చింది. సముద్రంలో పడవ నడిపిన అలవాటు లేకపోతే కెప్టెన్‌ను తప్పక పెట్టుకోండి.

ఫిబ్రవరి ప్రాంతంలో అక్కడ గాలి తూర్పు నుంచో ఈశాన్యం నుంచో ఆగకుండా వీస్తుంది. సెయింట్ విన్సెంట్‌లో బయలుదేరి బెక్వియా, కనువాన్, మేరో, యూనియన్ దీవుల మీదుగా దక్షిణానికి దిగుతున్నంతసేపూ గాలి పక్కనుంచి తగిలి పడవ హాయిగా సాగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దాదాపు అదే గాలికి, అలలకు ఎదురెక్కాలి. ఇది తెలియక మేము దిగడానికి నాలుగు రోజులు, తిరిగి రావడానికి ఒక్క రోజు పెట్టుకున్నాము. ఆ రోజంతా పడవ కుదుపులకు మా అమ్మ తల ఎత్తలేకపోయింది, ఆమెను అలా చూడడం నాకు చాలా బాధ కలిగించింది. మీరు తిరుగు దారికి కనీసం రెండు రోజులు కేటాయించండి.

మిగిలిన దీవుల్లో ఒకటి తగ్గించుకొనైనా టొబాగో కేస్‌లో రెండు రాత్రులు ఉండండి. మనుషులు నివసించని అయిదు చిన్న దీవులవి. వాటికి తూర్పున గుర్రపునాడా ఆకారంలో ఉన్న పగడపు దిబ్బ అట్లాంటిక్ అలలను ఆపేస్తుంది కాబట్టి, గాలి బలంగా వీస్తున్నా లోపలి నీరు పెద్దగా కదలదు. సూర్యుడు బాగా పైకి వచ్చేదాకా మా కెప్టెన్ పడవను లోపలికి తీసుకెళ్లలేదు, ఎందుకంటే అక్కడ దారిని నీటి రంగును బట్టే పోల్చుకోవాలి: ముదురు నీలమైతే లోతు, లేత ఆకుపచ్చైతే ఇసుక, గోధుమ రంగైతే పగడం. బరడాల్ దీవి పక్కన సముద్రపు గడ్డి మేసే తాబేళ్లను మా అమ్మ నీళ్లలో తేలుతూ అరగంట చూసింది. దయచేసి వాటిని తాకకండి, లంగరు పగడం మీద వేయనివ్వకండి.

బియ్యం, పప్పు, కూరగాయలు సెయింట్ విన్సెంట్ రాజధాని కింగ్స్‌టౌన్‌లోనే కొనుక్కోండి. (1861 జూన్ 1న ట్రావన్‌కోర్ అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను దించింది ఈ సెయింట్ విన్సెంట్ దీవిలోనే, వీలైతే ఒక పూట అదనంగా ఆగండి.) చిన్న దీవుల్లో ఏరులు లేవు, వాననీటిని పట్టి దాచుకుంటారు, అందువల్ల పడవ ట్యాంకులోని నీటిని పొదుపుగా వాడాలి.

2024 జూలై 1న బెరిల్ తుఫాను యూనియన్ దీవిని, దాని దక్షిణాన ఉన్న కరియాకూను ఛిన్నాభిన్నం చేసింది. ఏ రేవులో ఏ సదుపాయం ఉందో బయలుదేరే ముందు పడవ యజమానినే అడగండి. అక్కడ చేపలో పండ్లో కొనగలిగితే తప్పక కొనండి, ఆ ఊళ్లకు ఆ డబ్బు అవసరం. కరియాకూ గ్రెనడా దేశానిది కాబట్టి, అటు వెళ్లాలనుకుంటే ముందు సెయింట్ విన్సెంట్ వైపు కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ పనులు పూర్తి చేసుకొని, అవతలి ఒడ్డున మళ్లీ నమోదు చేయించుకోవాలి; ఆ పనికి ఒక పూట పడుతుందని లెక్కలో వేసుకోండి.