ఊరి ఎన్నికల్లో ఓటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏటా పంట పనులు అయిపోగానే సుగ్గికి గుంటూరు పక్కకు మిరపకాయ కోతలకు పోతాము. ఉగాది దగ్గరికి గానీ ఇంటికి రాము. తాళం చూసి ఓటరు జాబితాలో పేర్లు తీసేస్తారని ఊర్లో అంటున్నారు. నిజమేనా సార్?
– ఒక కూలి కుటుంబం, కోసిగి మండలం

జవాబు: తీసేయకూడదు. కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన అక్కడ కాపురం లేనట్టు కాదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. సుగ్గికి పోవడమంటే ఊరు మారడం కాదు.

అయినా పేర్లు పోతుంటాయి. ఎలాగంటే, మీరు ఊరు వదిలి పోయారని ఎవరో ఫారం-7 (జాబితాలో పేరు తీసేయమనే దరఖాస్తు) పెడతారు. విచారణకు బీఎల్ఓ (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది. పక్కింటివాళ్లు 'లేరు' అంటారే గానీ 'మళ్లీ వస్తారు' అని చెప్పరు. నోటీసు కూడా తాళం వేసిన ఇంటికే వస్తుంది. జవాబు రాలేదు కాబట్టి పేరు కొట్టేస్తారు.

అందుకే బయల్దేరే ముందే బీఎల్ఓను కలిసి, ఏ నెలలో తిరిగొస్తారో చెప్పి, మీ ఫోన్ నంబరు రాయించండి. ఊళ్లోనే ఉండే బంధువు ఒకరికి ఇంటిల్లిపాది ఓటరు కార్డు నంబర్లు ఇచ్చిపోండి. బీఎల్ఓ వచ్చినప్పుడు "వీళ్లు సుగ్గికి పోయినారు, ఉగాదికి వస్తారు" అని ఆ మనిషి గట్టిగా చెప్పాలి. ఈ ఒక్క మాటతో చాలా ఓట్లు నిలబడతాయి. పేరు తీసేస్తూ ఓటరు నమోదు అధికారి ఉత్తర్వు ఇచ్చి ఉంటే, 15 రోజుల్లోగా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటిపోతే ఫారం-6తో కొత్తగా నమోదు చేయించుకోవడమే దారి.

పోలింగ్ రోజు మాత్రం మీరు ఊరికి రావలసిందే. ఎన్నికల డ్యూటీ సిబ్బందికి ఉండే పోస్టల్ బ్యాలెట్ వలస కూలీలకు లేదు. 2021 పంచాయతీ ఎన్నికలు ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా, సరిగ్గా కోతల మధ్యలోనే వచ్చాయి. పోలింగ్ ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకే జరిగింది. సాయంత్రం దాకా టైం ఉంటుందిలే అనుకుని బండెక్కితే ఊరు చేరేసరికి గేటు మూసేసి ఉంటుంది. మీ మండలం ఏ విడతలో ఉందో ముందే కనుక్కుని బయల్దేరండి.

ప్రశ్న: కడపలో బాడుగ ఇంట్లో ఉంటున్నాం. ఓటు కడపలో ఉంది. చెన్నూరు మండలంలోని మా ఊళ్లో భూమి, ఇల్లు ఉన్నాయి. అక్కడ కూడా నా పేరు ఉంది. సర్పంచ్ ఎన్నికకు పోయి ఓటెయ్యొచ్చా?
– పాఠకుడు, కడప

జవాబు: వెయ్యకూడదు. ఓటు కాపురం ఉన్నచోటే, భూమి ఉన్నచోట కాదు. సొంత ఇల్లున్నా అంతే. పేరు రెండుచోట్ల ఉండటమే చట్టవిరుద్ధం. రెండోచోట లేదని అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చి పేరు ఎక్కించుకుంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఊళ్లో ఉన్న పేరును ఫారం-7తో మీరే తీయించుకోండి.

కడప ఓటరుగా మీరు కార్పొరేటర్‌ను ఎన్నుకుంటారు. మేయర్‌ను ఎన్నుకునేది కార్పొరేటర్లు. పల్లె ఓటరుకు వార్డు సభ్యుడు, సర్పంచ్, ఎంపీటీసీ, జెడ్పీటీసీ అని నాలుగు ఓట్లు ఉంటాయి. పట్నం ఓటరుకు వీటిలో ఒక్కటీ ఉండదు.

ప్రశ్న: పోయినసారి మా పంచాయతీలో చాలా ఓట్లు చెల్లలేదన్నారు. ముద్ర వేయడంలో ఏం తప్పు జరుగుతుంది?
– పాఠకురాలు, తాడిపత్రి మండలం

జవాబు: ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ అడగాల్సింది. అసెంబ్లీకి మీట నొక్కడం అలవాటైన చేతులకు కాగితం బ్యాలెట్ కొత్త. పైగా పంచాయతీ బ్యాలెట్‌పై అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. పార్టీ గుర్తులూ ఉండవు. మీ అభ్యర్థికి ఏ గుర్తు ఇచ్చారో ఇంట్లోనే తెలుసుకుని పోవాలి.

వార్డు సభ్యునికి ఒకటి, సర్పంచ్‌కు ఒకటి, వేర్వేరు రంగుల్లో రెండు కాగితాలు ఇస్తారు. తీసుకోగానే వెనక్కి తిప్పి ప్రిసైడింగ్ అధికారి సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూడండి. లేకుంటే అక్కడే అడగండి. కౌంటర్‌ఫాయిల్‌పై (బ్యాలెట్ చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్కపై) వేలిముద్ర వేసినవాళ్లు వేలికి అంటిన సిరాను శుభ్రంగా తుడుచుకోవాలి. ఆ వేలు బ్యాలెట్‌కు తగిలి మరక పడితే లెక్కింపులో పేచీ. సంతకం పెట్టినా, పేరు రాసినా, పెన్నుతో టిక్ కొట్టినా ఓటు చెల్లదు. లోపల ఇచ్చే స్వస్తిక్ రబ్బరు ముద్రే వాడాలి.

గుర్తు ఉన్న గడిలోనే ముద్ర పడాలి. ఇద్దరి గళ్లలోకి పాకితే చెల్లదు. రెండు గళ్ల మధ్య నల్లటి పట్టీ మీదే మొత్తం పడినా చెల్లదు. కొంత గడిలో, కొంత పట్టీ మీద పడితే ఆ గడి అభ్యర్థికే లెక్క. సరిగా అంటలేదని అదే గడిలో ఇంకోసారి కొట్టినా ఓటు పోదు.

మడత ముఖ్యం. మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి. నిలువుగా మడిస్తే తడి సిరా అవతల అంటుకున్నా అదే అభ్యర్థి వరుసలో పడుతుంది. ముందే అడ్డంగా మడిస్తే పై గుర్తు సిరా కింది గుర్తుకు అంటి, ఇద్దరికీ వేసినట్టు కనిపిస్తుంది. ఏది అసలు ముద్రో తేటగా తెలిస్తే ఓటు చెల్లుతుంది. కానీ రెండు ఓట్ల తేడాతో సర్పంచ్ తేలే ఊళ్లో ఆ వాదులాటకు చోటివ్వడం ఎందుకు?

పొరపాటున ముద్ర తప్పుగా పడితే కాగితం పెట్టెలో వేయకండి. అధికారికి తిరిగిచ్చి విషయం చెబితే ఇంకోటి ఇస్తారు. ఈ సంగతి తెలియకనే చాలామంది పాడైన కాగితాన్ని పెట్టెలో వేసి వచ్చేస్తారు.

ప్రశ్న: నేను పోయేసరికి నా ఓటు ఎవరో వేసేసి ఉంటే?
– పాఠకుడు, పత్తికొండ

జవాబు: వెనక్కి రాకండి. గుర్తింపు కార్డు చూపించి టెండర్ ఓటు అడగండి. మీరే అసలు ఓటరని ప్రిసైడింగ్ అధికారికి తృప్తి కలిగితే బ్యాలెట్ ఇస్తారు. దాన్ని పెట్టెలో వేయరు, విడిగా కవరులో పెడతారు. లెక్కింపులో కలపరు. మరెందుకంటారా? గెలుపుపై కేసు నడిస్తే దొంగ ఓటు పడిందనడానికి అదే సాక్ష్యం. ఇంతకన్నా మంచిది పొద్దున్నే వెళ్లడం. మొదటి పోలింగ్ అధికారి మీ పేరు గట్టిగా చదివేది కూడా అందుకే. ఎవరైనా వేరేవాళ్ల పేరుతో వస్తే ఊరి ఏజెంట్లు అక్కడే అభ్యంతరం చెప్పగలరు.

ప్రశ్న: మా వీధి అంతా 4వ వార్డు. మా ఇంట్లో ఇద్దరి పేర్లు 7వ వార్డులో ఉన్నాయి.
– పాఠకురాలు, ధర్మవరం మండలం

జవాబు: పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే వార్డులవారీగా విడదీస్తారు. పొరపాట్లు జరిగేది అక్కడే. ముసాయిదాను పంచాయతీ ఆఫీసులో పెట్టినప్పుడు ఇంటి నంబరు రుజువుతో కార్యదర్శికి రాసివ్వండి, నకలుపై సంతకం తీసుకోండి. పేరే లేకపోతే సమస్య వేరు. అప్పుడు బీఎల్ఓకో తహసీల్దారు ఆఫీసుకో ఫారం-6 ఇవ్వాలి. నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. 2021 పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతోనే జరిగాయి. ఆ మధ్యలో 18 నిండిన పిల్లలకు ఓటు దక్కలేదు.

ప్రశ్న: మా అవ్వకు చూపు లేదు. నేను వేయించవచ్చా?
– పాఠకుడు, ఆదోని

జవాబు: మీకు 18 నిండి ఉంటే తోడు వెళ్లి, అవ్వ చెప్పిన గుర్తుకే ముద్ర వేయొచ్చు. ఓటు రహస్యంగా ఉంచుతానని రాసివ్వాలి. ఆ రోజు ఇంకొకరికి తోడుగా వెళ్లకూడదు.