మన దేశపు కంపెనీల కార్లు నమ్మొచ్చా? రేపు కంపెనీ మూతపడితే మన గతేంటి?

ప్రశ్న అడిగిన తమ్ముడి వాళ్ల నాన్నగారు గవర్నమెంటు ఆఫీసులో అంబాసిడర్ తోలిన డ్రైవరట. టాటా, మహీంద్రా బండ్లు చూస్తున్నానని చెబితే "అంబాసిడర్ చేసిన అంతటి హిందుస్థాన్ మోటార్సే మట్టికొట్టుకుపోయింది, వీళ్లని నమ్మి లక్షలు పోస్తావా" అని అడ్డం పడ్డారట. పెద్దాయన మాట కొట్టిపారేసేది కాదు. నా దగ్గరా మన దేశపు కంపెనీ బండే ఉంది, దాంతో పడాల్సిన తిప్పలన్నీ పడ్డాను. అయినా నేను గట్టిగా చెప్పేది ఒకటే. మన కంపెనీల ఇంజన్లు, బాడీలు గట్టివి. పరువు తీసేవి చిన్నచిన్న పార్టులు, అంతకు మించి సర్వీస్ సెంటర్లు.

ముందు అంబాసిడర్ సంగతి తేల్చుకుందాం. బండి చెడ్డదై అది పోయిందనుకుంటే పొరపాటు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైను తెచ్చుకుని 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో మొదలుపెట్టారు. 2014 మేలో ఆ ఫ్యాక్టరీ గేటు మూసేదాకా బండి రూపం పెద్దగా మారిందే లేదు. ప్రభుత్వం లైసెన్సు ఇస్తేనే కార్లు చేయగలిగిన ఆ కాలంలో కారు కావాలంటే ముందే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. తలుపు రెండుసార్లు లాగి కొడితే గానీ పడకపోయినా, చేతికొచ్చిందే మహాభాగ్యం అని కళ్లకద్దుకుని తీసుకెళ్లేవాళ్లు. ఇక మార్చాల్సిన అగత్యం ఎవరికుంటుంది? ముంబైలో పద్మిని కారు చేసిన ప్రీమియర్ కంపెనీ వాళ్లదీ ఇదే దారి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అని ఒకటి దింపింది. పైన ఇంగ్లండు రోవర్ బాడీ, లోపల ఎప్పటిదో పాత స్టాండర్డ్ ఇంజను. కొన్నేళ్లకే ఆ కార్ల వ్యాపారం మూలబడింది.

1983లో మారుతి 800 వచ్చాక ఆట మారింది. కొనేవాడికి వేరే దారి దొరికింది. అన్నేళ్లు ఎవరి గోడూ పట్టించుకోకుండానే అమ్ముకున్నవాళ్లకి, పట్టించుకోవాల్సిన రోజు వచ్చేసరికి ఆ పని చేతకాలేదు. ఆఖరి ఏడాది అమ్ముడైన అంబాసిడర్లు రెండు వేల చిల్లర. 2017లో ఆ పేరును ఫ్రాన్స్ కార్ల కంపెనీ ప్యూజో వాళ్లకి 80 కోట్లకు ఇచ్చేశారు. కలెక్టర్ల దగ్గర్నుంచి ప్రధానమంత్రుల దాకా అందరూ ఎక్కిన కారు పేరు అంతకే పోయిందంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడున్న కంపెనీల దగ్గరికొద్దాం. వీళ్లని అర్థం చేసుకోవాలంటే ఎక్కణ్నుంచి వచ్చారో చూడాలి. టాటా వాళ్లు 1954లో బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినవాళ్లు. మహీంద్రా వాళ్లు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో విల్లీస్ జీపులు బిగించి అమ్మినవాళ్లు. లారీకి డ్రైవరుతోపాటు క్లీనరుంటాడు. పొద్దున్నే బెల్టు నొక్కి చూస్తాడు, ఆయిల్ స్టిక్ లాగి చూస్తాడు, ఎక్కడైనా తడి కనబడితే అప్పుడే బిగిస్తాడు. ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు గట్టిగా ఉంటే మిగతాది రోడ్డు మీద చూసుకోవచ్చన్నది ఆ వ్యాపారం నేర్పిన అలవాటు. కారు కొన్నవాడు బానెట్ కూడా ఎత్తడు. బటన్ నొక్కితే స్టార్టవ్వాలి, ఏసీ చల్లగా రావాలి, అంతే. లారీ చేసిన చెయ్యి కారు చేస్తే ఎక్కడ తేడా కొడుతుందో నేను షెడ్లలో నిలబడి చూశాను, ఎవరో చెబితే నమ్మింది కాదు. మారుతికి జపాన్ భాగస్వామి సుజుకీ వాళ్లు మొదటి నుంచీ రబ్బరు, ప్లాస్టిక్, వైరింగ్ చేసే సప్లయర్లని కూర్చోబెట్టి తయారుచేసుకున్నారు. మనవాళ్లకి ఆ పట్టు చాలా ఆలస్యంగా వచ్చింది.

నా బండి విషయం చెబుతాను. కంపెనీ పేరు రాయను, మన దేశపు డీజిల్ ఎస్‌యూవీ అనుకోండి. వారంటీ అయిపోయిన కొన్నాళ్లకి పికప్ తగ్గింది. ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే ముందుకు దూకాల్సిన బండి మూలుగుతోంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే లాప్‌టాప్ పెట్టి "ఫాల్టేమీ చూపించట్లేదు సార్" అని వాటర్ వాష్ చేసి ఇచ్చారు. మళ్లీ వెళ్తే "టర్బో పోయింది, మార్చాల్సిందే" అని అరవై వేలు దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని గట్టిగా తోసే పార్టు. ఏం చూసి చెబుతున్నారయ్యా అంటే సమాధానం లేదు. ఒప్పుకోకుండా వచ్చేశాను.

కార్తీకమాసంలో మా అత్తగారిని శ్రీశైలం తీసుకెళ్తున్నాం. మార్కాపురం దాటి దోర్నాల దగ్గరికి వచ్చేసరికి ఇంజను లైటు వెలిగింది. తొక్కితే బానెట్ కింద ఈల వేసినట్టు చప్పుడు, వెనక నల్లటి పొగ, బండి నలభై దాటట్లేదు. ముందున్నదంతా నల్లమల ఘాట్. రాత్రిపూట ఆ అడవిలో బండ్లు తిరగనివ్వరు, గేటు వేసేస్తారు. వెనక సీట్లోంచి మా అత్తగారు "బాబూ, వెనక్కి పోదామా, ఆ స్వామిని ఇంకోసారి చూసుకుందాంలే" అంటున్నారు. ఆవిడ గొంతులో నిరాశ వింటుంటే ఆ సర్వీస్ సెంటర్ వాళ్ల మీద ఒళ్లు మండిపోయింది.

రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే చిన్న షెడ్డు కనబడింది. అక్కడున్న పెద్దాయన లుంగీ ఎగ్గట్టి వచ్చి "ఏంది సార్, లాగట్లేదా?" అన్నాడు. లాప్‌టాప్ లేదు, ఏమీ లేదు. బంపర్ వెనక చెయ్యి పెట్టి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజనుకు పోయే లావుపాటి రబ్బరు పైపు పొడుగునా వేళ్లతో తడిమాడు. వేళ్లు బయటికి తీస్తే నల్లగా జిడ్డు. "అమ్మాయ్, కొంచెం రేస్ ఇయ్యి తల్లీ" అని మా ఆవిడకి చెప్పి, నన్ను వంగి చూడమన్నాడు. క్లాంపు పక్కనే పైపుకి గోరంత చీలిక. రేస్ ఇచ్చినప్పుడల్లా ఆ చీలిక తెరుచుకుని ఉస్సుమని గాలి తంతోంది, వదిలితే మూసుకుపోతోంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు చూస్తే అక్కడ చీలిక ఉందని కూడా తెలియదు.

"టర్బో బంగారం లాగా ఉంది సార్. అది కొట్టిన గాలి ఇక్కడే పోతాంది, డీజిలు మాత్రం తాగతాంది, అందుకే పొగ" అన్నాడు. చీలిన ముక్కని హ్యాక్సా బ్లేడుతో కోసి పారేసి, పైపుని ముందుకు లాగి, ట్రాక్టర్‌కి వాడే స్క్రూ క్లాంపులు రెండు వేసి బిగించాడు. ఆయన అడిగింది మూడు వందలు. నేను ఐదు వందలు ఇస్తే మిగతాది తీసుకోనన్నాడు, మా అత్తగారు బలవంతంగా చేతిలో పెట్టారు. గేటు వేయకముందే ఘాట్ ఎక్కేశాం.

నాకు అసలు కోపం వచ్చింది ఆ తర్వాత. ఊరికొచ్చాక కొత్త పైపు ఆర్డరు పెట్టాను. వచ్చిన పైపు, పాత పైపు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటి కాదు. పాతది ఉత్త రబ్బరు. కొత్తది మందంగా ఉంది, గోడలో గుడ్డ పొర కనబడుతోంది, క్లాంపు కూడా వేరే రకం. స్పేర్ పార్టుల కౌంటర్లో కుర్రాడు మామూలుగా చెప్పేశాడు: "ఇప్పుడొచ్చే బండ్లన్నిటికీ ఇదే సార్, పాతది చీలిపోతోందని మార్చారు." అంటే కంపెనీకి తెలుసు. తెలిసే మార్చింది. పాత బండ్లు కొన్నవాళ్లకి ఒక్క ఫోనన్నా చేయలేదు, సర్వీస్ సెంటర్లో కుర్రాళ్లకి ముందు ఆ పైపు చూడండని ఒక ముక్కన్నా చెప్పలేదు. కొన్నవాళ్ల చేత టెస్టింగ్ చేయించుకుని, ఆ టెస్టింగ్ ఖర్చు కూడా వాళ్ల దగ్గరే వసూలు చేయడం ఇది.

ఇలాగే చేయాలని ఎక్కడా లేదు, చేయకుండా బతికిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చినప్పుడు లక్షకు పైగా బుకింగులు వచ్చాయి. వెంటనే కంప్లయింట్లూ వచ్చిపడ్డాయి. 2000–01లో ఆ కంపెనీ 500 కోట్ల నష్టం చూపించింది. అంతకు ముందే, 1999లో, కార్ల వ్యాపారం అమ్మేద్దామని రతన్ టాటా అమెరికాలోని డెట్రాయిట్ దాకా వెళ్లి ఫోర్డ్ వాళ్లతో మాట్లాడి వచ్చారు. అమ్మలేదు. కస్టమర్లని పిలిచి క్యాంపులు పెట్టారు, పార్టులు ఊరికే మార్చిచ్చారు, 2001లో బాగుచేసిన ఇండికా వీ2 దింపారు. మన ఊళ్ల టాక్సీ స్టాండ్లన్నీ తర్వాత ఎన్నేళ్లు ఆ బండి మీద బతికాయో అందరికీ తెలుసు. 2008లో అదే ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని 230 కోట్ల డాలర్లకు కొన్నారు. 2023 జనవరిలో గుజరాత్ సానంద్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ కూడా వీళ్ల చేతికే వచ్చింది, 725 కోట్లకు.

నానో సంగతి వేరు. లక్ష రూపాయల కారని పేరు పెట్టి అమ్మారు, మన దగ్గర కారు కొనేది నలుగురిలో గౌరవంగా తిరగడానికి. ఆ పేరే దాన్ని ముంచింది, 2018లో ఆగిపోయింది.

కాబట్టి పెద్దాయన "మూతపడితే" అన్న భయం మన కంపెనీలకే అంటగట్టక్కర్లేదు. షెవర్లే అమ్మిన జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో సర్దేసుకుంది. ఫిగో, ఎకోస్పోర్ట్ ఎంతో ఇష్టంగా కొన్నవాళ్లు ఒక్క ప్రకటనతో సెకండ్ హ్యాండ్ రేటు పడిపోయి తలలు పట్టుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. టాటా నెక్సాన్‌కి 2018లో, కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఐదు స్టార్లు ఇచ్చిన దగ్గర్నుంచి యూట్యూబ్ నిండా స్టార్ల గోలే. స్టార్లు మంచివే, నేనూ చూసే కొంటాను. కానీ అది గుద్దుకుంటే లోపలున్నవాళ్లు బతుకుతారా అన్న పరీక్ష. ఏసీ కాయిల్ లీకవుతుందా, స్క్రీన్ నల్లబడుతుందా, రబ్బరు పైపు ఎన్నాళ్లుంటుంది అన్నవి ఆ పరీక్షలో ఉండవు. కంపెనీ ఇచ్చిన బండిని ఒక పూట నడిపి "బిల్డ్ క్వాలిటీ సూపర్" అనేవాళ్లకి పైపులూ క్లాంపులూ ఎక్కడ కనబడతాయి?

తమ్ముడూ, మన కంపెనీ బండే కొను, మీ నాన్నగారికి నచ్చజెప్పు. కొత్త మోడల్ అయితే ఏడాది ఆగు, ఆ పైపుల్లాంటివి ఈలోగా మారతాయి. షోరూంలో కాఫీ తాగుతూ నిర్ణయం తీసుకోకు. మీకు దగ్గరలో ఉన్న సర్వీస్ సెంటర్‌కి ఒక పొద్దున వెళ్లి గేటు దగ్గర నిలబడు, బండి తీసుకెళ్తున్నవాళ్లని ఏ పార్టు కోసం ఎన్నాళ్లు ఆపారో అడుగు. మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లు, అంబాసిడర్ తోలిన మనిషి కాబట్టి నీకంటే బాగా అడుగుతారు. కొన్నాక ఎప్పుడు ఏది మార్చినా, మార్చిన పాత పార్టు చేతికిమ్మను. మేం ఇవ్వం అంటే మాత్రం బిల్లు కట్టకు.