ఐదింటికి ఎన్ని పనులు?

ప్రశ్న: నా వయసు 36. ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మావారిదీ ఉద్యోగమే. బాబుకి తొమ్మిదేళ్లు. ఏటా డిసెంబరు ఆఖర్లో కొత్త డైరీ తెచ్చుకుని లక్ష్యాలు రాసుకోవడం పదేళ్లుగా అలవాటు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పేజీ తెరవాలంటేనే ఏదోలా ఉంటుంది. ఈసారి 14 రాశాను, పేజీ ఫొటో పంపుతున్నాను. మావారు అది చూసి ‘ఈసారి ఎన్నాళ్లు?’ అని నవ్వారు. పెద్ద గొడవైంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు కాబట్టే ఎక్కువ బాధగా ఉంది. నాది ఉత్త ఆరంభశూరత్వమేనా? నా మీద నాకే నమ్మకం పోయింది. ఏం చేయమంటారు?

జవాబు: ఉత్తరం కంటే ముందు మీ డైరీ పేజీనే చూశానమ్మా. ముత్యాల్లాంటి అక్షరాలు. పద్నాలుగు వరుసలు, ఒక్కోదాని పక్కన టిక్కులు పెట్టుకోవడానికి బుల్లి గళ్లు. ఏడో వరుసలో మొదట ఏదో రాసి, కొట్టేసి, దాని పైన ‘ప్రమోషన్’ అని రాశారు. దాని సంగతి చివర్లో అడుగుతాను.

ముందు ఐదు గంటల సంగతి చూద్దాం. నడక 45 నిమిషాలు, ధ్యానం 20, డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదువు గంట, పుస్తకం అరగంట. నాలుగింటి ఎదురుగానూ ‘ఉదయం 5కి’ అనే ఉంది. కలిపితే 155 నిమిషాలు. బాబు ఆరున్నరకు లేస్తాడని మీరే రాశారు. అంటే చేతిలో ఉన్నది 90. ఇలాంటి పద్దు ఆఫీసులో ఎవరైనా మీ టేబుల్ మీద పెడితే సంతకం చేస్తారా? పైగా పడుకునేసరికి పదకొండున్నర అవుతోందంటున్నారు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఐదింటికి లేస్తే మీకు దక్కేది ఐదున్నర. నాలుగు రోజులు లాక్కొస్తారు, ఐదో రోజు అలారం నొక్కేసి పడుకుంటారు. ఆ ఐదో రోజునే మీరు ‘నాకు పట్టుదల లేదు’ అని రాసుకుంటున్నారు. తప్పు పట్టుదలలో లేదు, కూడికలో ఉంది.

ఈ కూడిక తప్పు మీ ఒక్కరిదే కాదు. డానియెల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. ఇంతకుముందు ఇలాంటి పనికి ఎంత సమయం పట్టిందో తెలిసి కూడా, ఈసారి తక్కువలో అయిపోతుందని మనిషి లెక్క వేసుకుంటాడట. కొత్త సంవత్సరం మొదట్లో మనకు ఆ ధీమా ఇంకాస్త ఎక్కువ. అమెరికాలో 1980ల్లో ఇలా తీర్మానాలు చేసుకున్న 200 మందిని రెండేళ్లపాటు గమనించారు. మొదటి వారం నిలబడ్డవాళ్లు 77 శాతం. రెండేళ్ల తర్వాత మిగిలింది 19 శాతం.

ఇంకో లెక్క కూడా మీకు పనికొస్తుంది. ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుందని అందరూ అంటుంటారు. లండన్‌లో 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, మరికొందరి విషయంలో ఆ అంచనా 254 దాకా వెళ్లింది. జనవరి ఒకటి నుంచి లెక్కేస్తే 66 రోజులంటే మార్చి మొదటి వారం. మీరు డైరీ మూసేస్తున్నది ఫిబ్రవరి మొదట్లో. అంటే ఏటా సగం దారిలోంచి వెనక్కి వచ్చేస్తున్నారు, అదీ ఓడిపోయానని అనుకుని. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పట్టుబడటానికి పెద్దగా అడ్డు రాలేదని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. కాబట్టి ఆ టిక్కు గళ్లు తీసేయండి. ఒక గడి ఖాళీగా ఉంటే చాలు, మీలాంటి వాళ్లకు పేజీ అంతా పాడైపోయినట్టు అనిపిస్తుంది. ‘రోజూ’ అన్న మాట కొట్టేసి ‘వారానికి నాలుగు రోజులు’ అని రాసుకోండి.

ఇక పద్నాలుగులో ఏవి ఉంచుకోవాలి? రెండు. మహా అయితే మూడు.

మీ జాబితాలో కొన్ని అసలు మీ చేతిలో లేవు. ‘12 కిలోలు తగ్గాలి’ అని రాశారు. ఎంత తగ్గాలో ఒళ్లు చెప్పాలి, మీరు కాదు. నడవడం మాత్రం మీ చేతిలో ఉంది. ప్రమోషన్ కూడా అంతే, ఇచ్చేది వేరేవాళ్లు. పరీక్షకు కూర్చోవడం మీ పని. దాంతోపాటు జనవరిలోనే మీ మేనేజర్‌ని ఒక మాట అడగండి: ‘పై స్థాయికి నన్ను పంపాలంటే నా పనిలో మీకు ఏం కనిపించాలి?’ చెప్పిన జవాబు ఆయన మాటల్లోనే రాసి పెట్టుకోండి. ఏళ్ల తరబడి ప్రమోషన్ కోసం టెన్షన్ పడుతూ ఈ ఒక్క ప్రశ్న అడగనివాళ్లను చాలామందిని చూశాను. అడిగాక కొందరికి తెలిసింది, తాము తెల్లవార్లూ చదువుతున్న కోర్సుకీ ఆ ప్రమోషన్‌కీ సంబంధమే లేదని! మీ పరీక్ష సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది.

‘బాబుతో రోజూ 30 నిమిషాలు’ అన్నది పదకొండో వరుస. దానికీ టిక్కు గడి పెట్టారు. ఇది మాత్రం నాకు నచ్చలేదు, ఏమనుకోకండి. ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కి పెట్టి వాడి పక్కన కూర్చుంటే పన్నెండో వరుస, ‘ఫోన్ తగ్గించాలి’ అన్నది కూడా అందులోనే తీరిపోతుంది.

ఉంచుకున్న వాటికి గంట కాదు, సందర్భం రాసుకోండి. ‘ఉదయం నడవాలి’ అంటే ఎప్పుడూ రేపే అవుతుంది. ‘బాబును స్కూల్ బస్సు ఎక్కించగానే ఇంట్లోకి రాకుండా అటునుంచి అటే అరగంట నడుస్తాను’ అంటే నడక ఎక్కడ మొదలవుతుందో కాళ్లకు తెలుసు. వాన పడితే ఏం చేస్తారో కూడా ఇప్పుడే రాసేయండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి పరిశోధించి చెబుతున్నది ఇదే: ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం పెరుగుతుంది. మీ ఆఫీసులో ఖాతాలు ముగించే నెల ఏదో మీకు తెలుసు కదా, ఆ నెలలో వారానికి రెండు రోజులే అని ముందుగానే తగ్గించుకోండి. అప్పుడు అది తప్పడం కాదు, ఒప్పందం ప్రకారం నడవడం.

మీవారి సంగతి. ఆ నవ్వు తప్పే. పదేళ్లుగా పడి లేస్తున్న మనిషిని చూసి అనాల్సిన మాట కాదది. ఆ మాట నొప్పించిందని ఆయనకు చెప్పండి, కానీ గొడవ మధ్యలో కాదు, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్కసారి. అయితే ఇంకొకటి గమనించాను. పద్నాలుగులో కనీసం ఐదు ఆయన సాయం లేకుండా జరిగేవి కావు. ఆ సంగతి ఆయనకు డైరీలో కనిపించింది, మీ నోటి నుంచి వినిపించలేదు. మీ గంట ఖాళీ కావాలంటే ఆ గంట పని ఇంకెవరో ఎత్తుకోవాలి కదా! ‘నాకు కాస్త సపోర్ట్ చేయండి’ అంటే ఆయన తప్పకుండా సరే అంటారు, ఇద్దరూ మర్చిపోతారు. ‘మంగళ, గురు, శనివారాల్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నేను చదువుకుంటాను. ఆ గంట బాబు హోంవర్క్ మీది. మూడు నెలలు చూద్దాం’ అనండి. ఇందులో అవుననో కాదనో తేల్చి చెప్పాల్సి వస్తుంది. ఆయనకీ ఈ ఏడాది చేయాలనుకున్నది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అడగండి. నవ్వుతారేమోనని ఆయన రాసుకోలేదేమో.

చివరిగా ఏడో వరుస. కొట్టేసిన గీతల కింద ఫొటో పెద్దది చేసి చూస్తే ‘బొమ్మలు వేయాలి’ అని ఉంది. ఉత్తరంలో దాని ఊసే లేదు. పద్నాలుగింటిలోనూ గంట, నిమిషాలు, ఎంత, ఎప్పటికల్లా అని ఏమీ రాయకుండా వదిలింది అదొక్కటే. కొట్టేసిందీ అదొక్కటే. రంగులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయా? ఉంటే మూత తీసి చూడండి, ఎండిపోయాయేమో.