ఎర్రమెడ వెనుక ఉన్న ఎండ

ప్రశ్న: అమెరికా వార్తలలో అక్కడి పల్లెల శ్రామికులను ‘రెడ్‌నెక్’, ‘హిల్‌బిల్లీ’ అనడం చూస్తుంటాను. వారిలో కొందరు ఆ పేర్లను గర్వంగానూ చెప్పుకుంటారట. ఇవి తిట్లా, మామూలు పేర్లా? వారు సోమరులన్న మాటలో నిజమెంత?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాట ఎవరి నోట వస్తున్నదన్న దానిని బట్టి అర్థం మారుతుంది. తమలో తాము అనుకుంటే అది ఆత్మీయత. బయటివారు అంటే, చాలా సందర్భాలలో, అవమానమే.

రెడ్‌నెక్ అంటే ఎర్రమెడ. రోజంతా ఎండలో వంగి పొలం పని చేసే తెల్లవారి మెడ కమిలి ఎర్రబడుతుంది కనుక, 19వ శతాబ్దం చివరికల్లా దక్షిణ రాష్ట్రాలలో పేద రైతులకు ఆ పేరు స్థిరపడింది. సోమరితనాన్ని సూచించడానికి వాడుతున్న పేరు నిజానికి కష్టం చేసినవాడి ఒంటి మీది గుర్తు కావడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. 1921లో వెస్ట్ వర్జీనియాలోని బ్లెయిర్ పర్వతం దగ్గర, యూనియన్ హక్కు కోసం సుమారు 10,000 మంది బొగ్గుగని కార్మికులు మెడలకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని పోరాడినప్పుడు వారినీ అదే పేరుతో పిలిచారు. ఆ గుంపులో నల్లజాతివారు, ఇటలీ నుంచి వలస వచ్చినవారు కూడా ఉన్నారు. పల్లె శ్రామికుడంటే తెల్లవాడేనన్న ఊహ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

హిల్‌బిల్లీ అన్నది అమెరికా తూర్పు భాగంలోని అప్పలాచియా కొండల వారికి పెట్టిన పేరు. పని వెతుక్కుంటూ నగరాలకు వెళ్లిన వారిని ఈ చిన్నచూపు అక్కడికీ వెంటాడింది. అప్పలాచియా మూలాలున్నవారి పట్ల వివక్ష చూపరాదని 1992లో సిన్సినాటి నగరం తన చట్టంలో చేర్చవలసి వచ్చింది.

ఇక సోమరితనం సంగతి. 20వ శతాబ్దం తొలినాళ్లలో దక్షిణాది పేదలలో ఎందరో పాలిపోయి, నీరసించి, పనికి లేవలేని స్థితిలో ఉండేవారు. మరుగుదొడ్లు లేని చోట, చెప్పులు లేని కాళ్ల గుండా ఒంట్లోకి చేరి పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగు అందుకు ఒక ప్రధాన కారణం. 1909లో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ పరీక్షించిన బడిపిల్లలలో సుమారు 40 శాతం మందికి అది ఉన్నట్లు తేలింది. దానికి తోడు, మొక్కజొన్న తప్ప మరేమీ సరిగా దొరకని ఇళ్లలో పెల్లాగ్రా వ్యాపించేది. అది తిండి లోపం వల్ల వచ్చే జబ్బేనని డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించారు. జబ్బునూ ఆకలినీ సోమరి గుణమని పిలిచారన్నమాట.

ఈ ముద్ర మాటలతో ఆగలేదు. పేద కుటుంబంలో పుట్టిన క్యారీ బక్ అనే యువతికి ‘బుద్ధిమాంద్యం’ అంటగట్టి, ఆమెకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయడానికి వర్జీనియా రాష్ట్రానికి 1927లో సుప్రీంకోర్టు 8–1 తేడాతో అనుమతి ఇచ్చింది. క్యారీ కూతురికీ తల్లినుంచి బుద్ధిమాంద్యం సంక్రమించిందని ఆ కేసులో వాదించారు; ఆ కూతురే తరువాత బడిలో మంచి మార్కులు తెచ్చుకుని, బాగా చదివే పిల్లల జాబితా అయిన ఆనర్ రోల్‌లో చోటు సంపాదించింది.