సీసాల్లో నింపేలోపు బీరు తేరాలంటే

ప్రశ్న: 5 గ్యాలన్ల పేల్ ఏల్ రకం బీరు ఇంట్లో చేశాను, ఈస్టు యూఎస్-05. రెండు వారాలైంది. బీరు సాంద్రత చూపే హైడ్రోమీటరు మూడు రోజులుగా 1.011 దగ్గరే ఉంది, అంటే పులియడం ఆగినట్టే. గ్లాసులో పోస్తే మాత్రం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. జెలటిన్ వేస్తే తేరుతుందంటున్నారు, కానీ మేం శాకాహారులం. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఏదైనా వేయడానికి ముందు ఆ మసక దేనిదో తేల్చుకోండి. రెండు గ్లాసుల్లో బీరు పట్టి, రాత్రంతా ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బయట ఉంచండి. బయటిది తేటగా, ఫ్రిజ్‌లోది మసకగా ఉంటే అది చలి మసక. మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యంలోని) ప్రోటీన్లు, దాని పొట్టు నుంచీ హాప్స్ అనే చేదు పూల నుంచీ దిగే పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు చల్లదనానికి జట్టు కడతాయి, వెచ్చబడగానే విడిపోతాయి. రెండూ మసకగానే ఉండి, అడుగున మీగడరంగు పొర కడుతుంటే అది ఈస్టు. మూడోది గంజి. తెల్ల సాసర్‌లో చెంచాడు బీరు పోసి అయోడిన్ చుక్క వేయండి. నీలి నలుపుకు తిరిగితే మాష్‌లో, అంటే మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టినప్పుడు, పిండి పూర్తిగా చక్కెరగా మారలేదన్నమాట. దాన్ని ఇప్పుడు చలితోనో జెలటిన్‌తోనో తేర్చలేం. సాసర్‌లోది పారబోయండి, తాగకండి.

మీది ఈస్టు మసకే కావచ్చు. యూఎస్-05 నింపాదిగా దిగే రకం, ఎస్-04 ఈస్టులా చకచకా అడుగున పేరుకోదు. ముందు చలినే నమ్ముకోండి. ఫర్మెంటర్‌ను (బీరు పులిసే పాత్రను) 1–2 డిగ్రీల సెల్సియస్, అంటే 34–36 ఫారన్‌హీట్ దగ్గర కనీసం మూడు రోజులు ఉంచండి. చల్లబడేకొద్దీ లోపలి గాలి కుంచించుకుపోయి ఎయిర్‌లాక్‌లోని (గ్యాస్‌ను బయటికి వదిలే నీటి మూతలోని) నీళ్లను బీరులోకి లాగేస్తుంది. మూడు ముక్కల ఎయిర్‌లాక్‌లో ఈ బెడద ఎక్కువ. ఎస్ ఆకారందైతే గాలి బుడగలుగా లోపలికి వెళ్తుంది, ద్రవం దాదాపు అక్కడే ఉంటుంది. ఏదైనా సరే, నీళ్లకు బదులు వోడ్కా పోయండి.

జెలటిన్ పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. ఐసింగ్లాస్ చేప ఈతసంచి నుంచి వస్తుంది. కైటోసాన్ చాలావరకు రొయ్య, పీత పెంకులదే. ఇవి మీకు పనికిరావు. బయోఫైన్ క్లియర్ లాంటి సిలికా ద్రావణాలు వాడుకోవచ్చు, మోతాదు సీసా మీద ఉన్నట్టే. వచ్చేసారి వర్ల్‌ఫ్లాక్ బిళ్ల ఒకటి కాచడం ముగియడానికి 10 నిమిషాల ముందు వేయండి. అది సముద్రపు నాచు నుంచి తీసిన క్యారజీనన్. కాగే వోర్ట్‌లోనే (ఇంకా పులియని మాల్ట్ రసంలోనే) ప్రోటీన్‌ను ముద్దకట్టిస్తుంది కాబట్టి చలి మసక మొదట్లోనే తగ్గుతుంది.

జెలటిన్‌తో అభ్యంతరం లేనివాళ్లకు: రుచీ రంగూ లేని పొడి ఒక టీస్పూను, అర కప్పు చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. 65 డిగ్రీల దాకా వేడిచేసి కరిగించండి. మరిగిస్తే దాని పట్టు పోతుంది. బీరు బాగా చల్లబడ్డాకే కలపాలి. వెచ్చటి బీరులో చలి మసక ఇంకా పుట్టనే లేదు, కాబట్టి జెలటిన్ దాన్ని పట్టుకోలేదు. రెండు రోజుల్లో తేరుతుంది. హాప్స్ వాసన కొంచెం తగ్గుతుంది, అందుకే కావాలనే మసకగా, హాప్స్ వాసనతో చేసే హేజీ ఐపీఏ బీర్లలో మేం వద్దంటాం.

ప్రశ్న: ఊళ్లో బావినీళ్లకు ఇండుపగింజ అరగదీసేవాళ్లు, పటిక తిప్పేవాళ్లు. బీరుకు పనికిరావా? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆలోచన సరైనదే. నీళ్లలోని బురదను అవి ముద్దకట్టించి దించినట్టే ఇక్కడ జెలటిన్, సిలికా చేస్తాయి. కానీ పటిక వగరు బీరులో నిలిచిపోతుంది. రెండూ వద్దు.

ప్రశ్న: చిత్తూరు తోతాపురి గుజ్జు డబ్బా కలిపిన వీట్ బీరు వారమైనా తేరడం లేదు. – ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: మామిడిలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. చలికీ జెలటిన్‌కూ అది లొంగదు, పెక్టిక్ ఎంజైమ్ కావాలి. ఎంజైమ్ గది వేడిలో పనిచేస్తుంది, మరిగిస్తే చచ్చిపోతుంది, ఫ్రిజ్‌లో మందగిస్తుంది. అందుకే చల్లబరచడానికి ముందే వేయాలి. ఇక గోధుమ ప్రోటీన్ మసక మిగిలితే మిగలనివ్వండి, వీట్ బీరుకు అదే అందం.

ప్రశ్న: ఈస్టంతా దిగిపోతే సీసాలో గ్యాస్ పుడుతుందా? – ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: పుడుతుంది. తేటగా కనబడే బీరులో కూడా చాలినంత ఈస్టు తేలుతూనే ఉంటుంది. ఫర్మెంటర్‌ను చల్లబరిచే ముందే బల్ల మీద పెట్టుకోండి. సైఫన్ రోజున, అంటే గొట్టంతో బీరు నింపే బకెట్‌లోకి లాగే రోజున, ఎత్తితే మడ్డి మళ్లీ లేస్తుంది. గొట్టం మూతి మడ్డికి పైన ఉంచి, చివరి లీటరు వదిలేయండి. సీసాలో ఈస్టు తిని గ్యాస్ పుట్టించడానికి 19 లీటర్లకు 110 గ్రాముల పంచదార పావు లీటరు నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, నింపే బకెట్ అడుగున పోసి, దాని మీదకు చప్పుడు కాకుండా బీరు పట్టండి.

చాలామంది తప్పటడుగు వేసేది లెక్క దగ్గర. ఎంత చక్కెర కలపాలో చెప్పే కాలిక్యులేటర్‌లో ఫ్రిజ్ ఉష్ణోగ్రత 2 డిగ్రీలు కొడితే అది కావలసిన చక్కెరలో దాదాపు సగమే చూపిస్తుంది, బీరు చప్పబడుతుంది. పులిసేటప్పుడూ ఆ తర్వాతా బీరు చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రతే ఇవ్వాలి, ఎందుకంటే అప్పుడు పోయిన గ్యాస్ చల్లబడినంత మాత్రాన తిరిగి రాదు. నింపిన సీసాలను 20–21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. అడుగున పల్చటి పొర ఏర్పడుతుంది. వంచేటప్పుడు అది కదలకముందే ఆపేయండి.