నిజమైన నోటుకు దొంగ సాక్షి ఎందుకు?

ప్రశ్న: 2022 మార్చి 10న ఒక బంధువుకు ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చాను. 2024 సెప్టెంబరులో కొంత కట్టి, నోటు వెనక చెల్లు వేశాడు. నోటు జిరాక్స్ జతచేసి నోటీసు పంపితే సంతకమే తనది కాదంటున్నాడు. నోటు మీద ఉన్న ఒక్క సాక్షీ చనిపోయాడు. మా బావగారితో రెండో సాక్షిగా ఇప్పుడు సంతకం పెట్టిద్దామని, చేతిరాత నిపుణుడికి కేసు గెలిచాక వాటా ఇద్దామని మా లాయర్ గారు అంటున్నారు. అప్పు నిజమే కదా, తప్పేముంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, బంధువు చేసిన మోసం గురించి అంత రాశారు, చెల్లు ఎవరి చేతిరాతో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు నిలబడినా పడిపోయినా అక్కడే. అడిగినప్పుడు చెల్లించే నోటు మీద దావా వేయడానికి, రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు, అంటే 2025 మార్చితో అయిపోయింది. చెల్లు అతని చేతిరాతలో గానీ, అతని సంతకంతో గానీ ఉంటేనే లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 కింద ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మీరే రాసుకుని అతనితో సంతకం పెట్టించకపోతే ఆ చెల్లు గడువును కాపాడదు.

ఇక బావగారి సంతకం. ఆ పని చేయనే చేయకండి. ప్రామిసరీ నోటుకు సాక్షి ఉండి తీరాలని చట్టంలో లేదు. పైగా మీరు పంపిన జిరాక్స్‌లో ఒకే సాక్షి, కోర్టుకిచ్చే ఒరిజినల్‌లో ఇద్దరు! అవతలి లాయరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి బావగారిని అడిగితే ఏం చెబుతారు? నిజమైన అప్పు కాస్తా దొంగ నోటైపోతుంది. కోర్టు కోసం సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం, అప్పు నిజమన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడదు. లాయరు సాక్షిని కలవొచ్చు, ఏం గుర్తుందో అడగొచ్చు, కోర్టులో ఎలా ఉంటుందో చెప్పొచ్చు, కానీ చూడనిది చూసినట్టు చెప్పించకూడదు. క్లయింటు అడ్డదారి పడితే ఆపాలని, వినకపోతే కేసు వదిలేయాలని బార్ కౌన్సిల్ నియమాలు లాయరుకే చెబుతున్నాయి. ఇక్కడ ఆ దారి చూపిస్తున్నది ఆయనే.

నిపుణుడికి వాటా కూడా అంతే ప్రమాదం. రిపోర్టు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, అతను బోనెక్కి కారణాలు చెప్పాలి. 'గెలిస్తేనే మీకు డబ్బులటగా?' అన్న ఒక్క ప్రశ్నతో ఆ రిపోర్టు విలువ పోతుంది. ముందు దావా వేసి, నోటును నిపుణుడికి పంపమని కోర్టునే అడగండి. పోల్చడానికి 2022 నాటి బ్యాంకు చెక్కులు, రిజిస్టరైన దస్తావేజుల మీద అతని సంతకాలు తెప్పించాలి. గొడవ మొదలయ్యాక వకాలతు మీద పెట్టిన సంతకం కావాలని మార్చి పెట్టి ఉండొచ్చు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. నోటు రాసిన దస్తూరి బతికుంటే అతన్నే సాక్షిగా పిలిపించండి, మీ వైపు మాట్లాడతాడా లేదా అన్న భయం వద్దు, నోటు రాసింది తనేనని, మీ బంధువు సంతకం పెట్టడం తను చూశానని ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

ఒరిజినల్ నోటును రసీదు కూడా లేకుండా లాయరు చేతిలో పెట్టి ఉంటే అది మీ అజాగ్రత్తే. ఈరోజే వెళ్లి నోటు వెనక్కి తీసుకోండి, రెండు వైపులా ఫొటోలు తీయండి. కొత్త సంతకాలు వద్దని ఆయనకు రాతపూర్వకంగా చెప్పండి. అయినా పట్టుబడితే ఫైలు తీసుకుని వేరే లాయరు దగ్గరికి వెళ్లండి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఆ తర్వాతైనా చేయొచ్చు.