బిడ్డ ఈ నిమిషంలో ఎవరి చేతిలో ఉంది?

ప్రైవేటు బడుల్లో, వాటికి అనుబంధంగా నడిచే డేకేర్లలో ఎవరి పని ఏది అంటూ వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా పాపకి పద్నాలుగు నెలలు. వచ్చే నెల నుంచి ఒక స్కూలు డేకేర్‌లో వేస్తున్నాం. చూడ్డానికి వెళ్తే కరస్పాండెంట్, ప్రిన్సిపాల్, ఇన్‌చార్జి, కేర్‌టేకర్, ఆయా అని అందర్నీ పరిచయం చేశారు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఎవర్ని ఏమడగాలో తెలియలేదు.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కరస్పాండెంట్ అంటే మన దగ్గర యాజమాన్యం. గుర్తింపు, భవనం, ఫీజులు, ఎవర్ని ఉద్యోగంలో పెట్టుకోవాలన్నది వాళ్ల చేతిలో ఉంటాయి. ప్రిన్సిపాల్‌ది చదువు సంగతి. డేకేర్ గదిలోకి రోజుకోసారి తొంగిచూసినా గొప్పే. కాబట్టి మీకు పని పడేది మిగతా ముగ్గురితో.

ఇన్‌చార్జిది కాగితం పని. పొద్దున బిడ్డని తీసుకునేటప్పుడు ఒంటి మీద దెబ్బ, దద్దుర్లు, జ్వరం ఉన్నాయేమో చూసి రిజిస్టర్‌లో రాయాలి. సాయంత్రం ఎవరికి అప్పగించారో సంతకం తీసుకోవాలి. కేర్‌టేకర్ బిడ్డకి తినిపిస్తుంది, ఆడిస్తుంది, నిద్రపుచ్చుతుంది. ఆయాది శుభ్రం: డైపర్, పాటీ, గది, బట్టలు. చాలాచోట్ల ఈ రెండు పనులూ ఒకే మనిషి నెత్తిన పడతాయి. అలాంటి చోట మీరు అడగాల్సింది ఒక్కటే: డైపర్ మార్చే మనిషే పాల సీసా కలుపుతోందా? అవునంటే ఆ డేకేర్‌లో విరేచనాలు ఒక పిల్లతో ఆగవు. మనుషులు తక్కువైనప్పుడు కనీసం డైపర్ బల్ల, పాలు కలిపే చోటు వేర్వేరు గదుల్లో ఉండాలి. మధ్యలో సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. శానిటైజర్ మలానికి సరిపోదు.

చేర్చే ముందు ఒక రోజు పదకొండున్నరకి, చెప్పకుండా వెళ్లండి. అన్నం పెట్టే వేళలోనే అసలు రంగు బయటపడుతుంది. ఏడుస్తున్న పిల్ల దగ్గరికి ఎవరు లేచి వెళ్తున్నారో, మిగతా పిల్లలు అప్పుడు ఎవరి కళ్ల ముందు ఉన్నారో చూడండి. చీర ఉయ్యాల కట్టి ఉంటే వద్దనండి. ఇంట్లో అమ్మమ్మ పక్కనే కూర్చుని ఊపుతుంది కాబట్టి ఫరవాలేదు. పదిమంది పిల్లలున్న గదిలో ఉయ్యాలలో ముఖం ఎవరికీ కనబడదు. మీ పాప వయసుకి పల్లీలు, వేయించిన శనగలు, మురుకులు పెట్టకూడదు. ద్రాక్షపండైతే నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. ఈ సంగతి ఆయాకి తెలుసా అని ఆయానే అడగండి, ఇన్‌చార్జిని కాదు.

తల్లిపాలు పిండి ఇచ్చేటట్లయితే సీసా మీద పేరు, తేదీ, టైము రాసి ఇవ్వండి. చల్లటి గదిలో నాలుగు గంటలు నిలవుంటాయన్న లెక్క మన ఏప్రిల్, మే నెలలకి పనికిరాదు. అందగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. డబ్బా పాలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టినా 24 గంటలే. బిడ్డ నోరు పెట్టిన సీసా అయితే గంటలోపే. "పారేస్తే అమ్మ ఏమనుకుంటుందో" అని దాచిపెట్టే కేర్‌టేకర్లున్నారు. పారేసినా ఫరవాలేదని మొదటి రోజే మీ నోటితో చెప్పండి.

ప్రశ్న: కాకినాడలో ప్లేస్కూలు, డేకేర్ కలిపి పెట్టబోతున్నాం. 40 మంది పిల్లలు, పొద్దున 8 నుంచి సాయంత్రం 6.30 వరకు. ఎంతమంది స్టాఫ్ కావాలి? ఐదుగురు చాలంటున్నారు తెలిసినవాళ్లు.
– కె.ఎస్., కాకినాడ

జవాబు: ఐదుగురితో తెరవొచ్చు, నడపలేరు. లెక్క చూడండి.

2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్య విధానం ప్రకారం మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు ఇరవైమందికి ఒకరు ఉండాలి. పాకే పిల్లలకి మాత్రం పదికి ఒకరు చాలరని మా అభిప్రాయం. మంట లేస్తే ఒక మనిషి రెండు చేతులతో ఇద్దర్ని ఎత్తుకుపోగలదు, అంతే. నలుగురికి ఒకరు పెట్టుకోండి.

మీ 40 మందిలో ఏడాదిన్నర లోపువాళ్లు 6, మూడేళ్ల లోపు 10, ఆపైన 24 అనుకుందాం. పసిగదికి ఇద్దరు కేర్‌టేకర్లు. రెండో గదికి ఒక కేర్‌టేకర్, ఒక ఆయా. పెద్దపిల్లలకి ఒక టీచర్, ఒక ఆయా. వంటగదికి ఒకరు. అంటే పిల్లలందరూ ఉన్న వేళ ఏ క్షణంలో చూసినా ఏడుగురు కనబడాలి.

ఇప్పుడు గంటలు. మీరు తెరిచి ఉంచేది పదిన్నర గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలో భోజనం పోగా ఒక మనిషి పనికొచ్చేది ఏడున్నర గంటలు. రెండు షిఫ్టులు వేయండి: 8 నుంచి 4, 10.30 నుంచి 6.30. పదిన్నర, నాలుగు మధ్య అందరూ ఉంటారు. ప్లేస్కూలు, అన్నాలు, నిద్రలు అన్నీ ఆ వేళలోనే. పొద్దున పదిన్నర దాకా పిల్లలు పలచగా ఉంటారు, మధ్యాహ్నం పెద్దపిల్లల్లో సగమైనా ఇళ్లకి పోతారు. కాబట్టి రెండు చివర్లా నలుగురైదుగురితో గడుస్తుంది. అలా చూసినా తొమ్మిదిమంది తేలతారు. ఇన్‌చార్జి ఈ లెక్కలో లేరు.

అసలు దెబ్బ సెలవుల దగ్గర తగులుతుంది. తొమ్మిదిమంది నెలకి ఒక్కొక్క రోజు మానేశారనుకోండి, తొమ్మిది రోజులు ఎవరో ఒకరు ఉండరు. నెలకి పాతిక పనిదినాలైతే మూడు రోజుల్లో ఒక రోజు మనిషి తక్కువే. పండగ వేళ ఇద్దరు, ముగ్గురు ఒకేసారి మానేస్తారు. అందుకే పదో మనిషి, ఏ గదికీ కట్టేయని రిజర్వు మనిషి, ఉండి తీరాలి. కొత్తగా పెట్టినవాళ్లు మొదట తగ్గించే ఖర్చు ఇదే. ఆ రోజు పసిగదిలోంచి ఒకర్ని లాగి వంటగదిలో పెడతారు. పాత డేకేర్లలో పిల్లలు మంచం మీంచి పడ్డ రోజుల హాజరు పట్టీ తిరగేస్తే విషయం అర్థమవుతుంది.

రెండు నుంచి మూడున్నర వరకు పిల్లలు పడుకుంటారు, స్టాఫ్ భోజనాలు ఆ టైములో వంతులవారీగా పెట్టండి. పిల్లలు పడుకున్నారని అందరూ కలిసి తినడానికి కూర్చుంటే పసిగది ఖాళీ అవుతుంది. ఏడాది లోపు బిడ్డలు వెల్లకిలా పడుకున్నారా, ముఖం మీద దుప్పటి పడిందా అని చూసే మనిషి అప్పుడు గదిలోనే ఉండాలి. గదికి కెమెరా ఉందంటారు. కెమెరా దుప్పటి తీయదు.

ప్రశ్న: మా బాబుకి జ్వరమొస్తే డేకేర్‌లో ఆయాయే సిరప్ వేసేసింది. మంచి ఉద్దేశంతోనే చేసింది. అయినా భయంగా ఉంది.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: భయం సబబే. పారాసెటమాల్ పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది, 250దీ దొరుకుతుంది. చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100. సీసాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇంట్లో ఒకటి, డేకేర్‌లో మరొకటి ఉంటే అదే మూతతో రెట్టింపు పడుతుంది. పైగా మీరు ఏడున్నరకి వేసి పంపిన సంగతి ఆయాకి తెలియదు. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాల్సిన మందు రెండు గంటలకే మళ్లీ వేస్తుంది.

మందు వేసే పని ఇన్‌చార్జిది, అదీ మీ చీటీ ఉంటేనే. చీటీలో మందు పేరు, సిరప్ బలం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నింటికి, ఆఖరుసారి ఇంట్లో ఎప్పుడు వేశారు, మీ సంతకం ఉండాలి. మీ బాబు పేరు రాసిన సీసాలోంచే వేయాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఫోన్ చేసి తీసుకెళ్లమనాలి. ఆయా చేయాల్సింది బిడ్డని పక్కన పడుకోబెట్టి ఇన్‌చార్జిని పిలవడం. ఆమెని తిట్టకండి. ఆ నియమం ఆమెకి ఎవరైనా చెప్పారో లేదో ముందు కనుక్కోండి.

ప్రశ్న: నేను యూకేజీ టీచర్‌గా చేరాను. ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెమ్మంటున్నారు, ఒక్కొక్కరికి టార్గెట్ పెట్టారు. మామూలు రోజుల్లో బస్ డ్యూటీ, ఫీజు కౌంటర్ కూడా నావే. ఇవన్నీ టీచర్ పనులేనా?
– ఎం., ఖమ్మం

జవాబు: బస్ డ్యూటీ వంతులవారీగా వేస్తే అది బడిలో ఎవరూ తప్పించుకోలేని పని, చేయండి. ఫీజు కౌంటర్ వద్దు. లెక్క తేడా వస్తే జీతంలో పట్టుకుంటారు. తప్పనిసరైతే రోజు ముగిసేసరికి నగదు, రసీదు పుస్తకం అకౌంటెంట్‌కి అప్పగించి సంతకం తీసుకోండి.

ఇక ఇంటింటికీ తిరిగే అడ్మిషన్ల క్యాంపెయిన్. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనేతర పనులకు వాడకూడదంటుంది. అయితే ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువుకి సంబంధించింది, యూకేజీ అందులో పడదు. కాబట్టి మీకు ఆధారం మీ నియామక ఉత్తర్వే. అందులో హోదా, తరగతి, రోజుకి ఎన్ని పీరియడ్లు, "ఇతర విధులు" అంటే ఏమిటి, వేసవి నెలల జీతం ఇస్తారా, నోటీసు ఎన్ని రోజులు అన్నవి ఉన్నాయా? పది నెలల జీతం ఇచ్చి పన్నెండు నెలలు పని చేయించుకోవడం చాలా బడుల్లో మామూలైపోయింది. ఉత్తర్వు ఇవ్వకపోతే మీ విధులన్నీ రాసి ఈమెయిల్ పంపి, ఇవేనా అని అడగండి. జవాబు రాకపోయినా ఆ మెయిల్ రేపు పనికొస్తుంది. టార్గెట్ కాలేదని జీతం ఆపితే ఆ మాట కాగితం మీద ఇమ్మనండి. చాలామంది రాయడానికి వెనకాడతారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. చూపించి, జిరాక్సులు ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి. ఈసరికే ఇచ్చి ఉంటే ఏవేవి తీసుకున్నారో రాసిన రసీదు అడగండి.

ఒక సంగతి చాలామంది టీచర్లకి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 జనవరి 1న ఇచ్చిన జీఓ ఎంఎస్ నంబర్ 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో 50 శాతం జీతాలకి, 15 శాతం సిబ్బంది గ్రాట్యుటీ, పీఎఫ్ లాంటివాటికి పోవాలి. యాజమాన్యానికి ఆదాయంగా మిగలాల్సింది 5 శాతం. కాగితం మీద సంగతి ఇది.

ప్రశ్న: బీఈడీ చేశాను. మూడో తరగతికి చెప్పొచ్చా?
– పి., అనంతపురం

జవాబు: 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఒకటి నుంచి ఐదు తరగతులకి బీఈడీ అర్హత కాదని తేలింది. అక్కడ డీఈఎల్ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) కావాలి. ఆరు నుంచి ఎనిమిదికైతే బీఈడీతో టెట్ రాయొచ్చు.

ప్రశ్న: ఆయాగా ఆరేళ్లు. జీతం చేతికిస్తారు, పీఎఫ్ లేదు. ఆయాలకి ఉండదంటున్నారు.
– ఒక ఆయా, గుంటూరు

జవాబు: ఆయా అయినా టీచర్ అయినా ఒకటే లెక్క. మీ బడిలో డ్రైవర్లు, వాచ్‌మన్, వంటామెతో సహా 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాలి. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, నెల జీతం 21,000 లోపు వాళ్లకి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా). జీతంలో మీ వాటా 0.75 శాతం, వాళ్ల వాటా 3.25 శాతం. డేకేర్‌కి ఒక పేరు, స్కూలుకి ఒక పేరు పెట్టి సంఖ్య తగ్గించి చూపిస్తుంటారు. ఆవరణ, యాజమాన్యం, డబ్బు ఒకటే అయితే రెండూ కలిపి లెక్కించవచ్చు. హాజరు పట్టీలో మీ పేరున్న పేజీల ఫోటోలు తీసి దగ్గర పెట్టుకోండి.

మీరు ఉత్తరం చివర ఇంకో మాట రాశారు: పిల్లని స్నానాల గదికి తీసుకెళ్లినప్పుడు అనుమానం కలిగించే గుర్తు కనబడితే ప్రిన్సిపాల్‌కి చెబితే చాలా అని. చాలదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. కింది ఉద్యోగి తప్పు తెలిసీ దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే, ఎలా చేయాలో వాళ్లు చెబుతారు. ఆ పిల్లని గుచ్చి గుచ్చి ప్రశ్నలడగకండి, ఒళ్లు కడగకండి, బట్టలు ఉతకకండి.

ప్రశ్న: స్కూలు బస్సులో నిద్రపోయిన పిల్లని మర్చిపోయారన్న వార్తలు చదువుతుంటే గుండె ఆగిపోతుంది. దీనికి బాధ్యులెవరు, డ్రైవరా, ఆయానా?
– ఎస్., విశాఖపట్నం

జవాబు: ఇద్దరూ, క్లాస్ టీచరు, ఆఫీసు క్లర్కు కూడా. నలుగురూ "అవతలివాళ్లు చూసుంటారు" అనుకున్నప్పుడే ఇలా జరుగుతుంది. సుప్రీంకోర్టు 1997లోనే స్కూలు బస్సు డ్రైవర్‌కి కనీసం ఐదేళ్ల హెవీ వాహనం అనుభవం ఉండాలంది. అయితే అనుభవం బండి నడపడానికి, పిల్లల్ని లెక్కపెట్టడానికి వేరే మనిషి కావాలి.

బస్ ఆయా ఎక్కినవాళ్లని పేరుతో టిక్ పెట్టాలి, దిగినవాళ్లని అదే కాగితం మీద మళ్లీ టిక్ పెట్టాలి. తలలు లెక్కపెడితే ఒకటి తప్పిపోతుంది, పేర్లు చదివితే తప్పదు. తొమ్మిదిన్నరకి క్లాస్ టీచర్ గైర్హాజరు చీటీ ఆఫీసుకి పంపాలి. క్లర్కు పది నిమిషాల్లో ఇంటికి ఫోన్ చేయాలి. "బస్సెక్కించాం కదా" అని తల్లి అన్న మరుక్షణం ఎవరో ఒకరు బస్సు దగ్గరికి పరుగెత్తాలి. ఎండలో మూసిన బండి లోపల నిమిషాల్లో వేడెక్కిపోతుంది.

అన్నిటికంటే చవకైన ఉపాయం ఒక అట్టముక్క. "బండి ఖాళీ" అని రాసి, ఆఖరు సీటు వెనక అద్దానికి తగిలించే కొక్కెం పెట్టండి. బడి దగ్గర పిల్లలు దిగాక డ్రైవర్ చివరిదాకా నడిచి ఆ అట్ట తగిలించాలి, సీట్ల కింద వంగి చూస్తూ. అట్ట లేని బస్సు కనబడితే వాచ్‌మన్ డ్రైవర్‌ని గేటు దాటనివ్వకూడదు. సాయంత్రం పిల్లలు ఎక్కే ముందు ఆ అట్ట తీయడానికి మళ్లీ చివరిదాకా నడవాల్సిందే.